కారు గడియారానికీ లో వోల్టేజి జబ్బు

బోరు మోటారు కాలిపోయిందంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో కారణం అడగనక్కర్లేదు. "లో వోల్టేజి" అని చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. మోటారును బోరులోంచి పైకి లాగడం, ట్రాక్టరు మీద వేసుకుని దేవరకొండకో కల్వకుర్తికో వైండింగు షాపుకు తీసుకుపోవడం, అది తిరిగొచ్చేలోగా వరి మడి నెర్రెలు బారడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఇప్పుడు ఇంకో సంగతి వినండి. యాభై అరవై ఏళ్ళ కిందటి కార్లలో కొన్నింటికి డాష్‌బోర్డు మీద ముళ్ళ గడియారం ఉండేది. అలాంటి కార్లను ముచ్చటపడి బాగు చేయించుకునేవాళ్ళు, "ఇంజను బాగుంది, లైట్లు వెలుగుతున్నాయి, గడియారం మాత్రం నడవడం లేదు" అంటుంటారు. ఆ గడియారాన్ని ఆపేసింది కూడా చాలాసార్లు లో వోల్టేజే! 12 వోల్టుల బ్యాటరీ ఎక్కడ, త్రీఫేజు కరెంటు ఎక్కడ? రెండు చోట్లా ఒకే జబ్బు ఎలా వస్తుందో చూద్దాం.

మొదట్లో కారు గడియారానికి కరెంటుతో పనే లేదు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల కార్లు ప్రదర్శనకు పెట్టారు. వాటిలో ఉన్న పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో ఆర్డరు చేసింది. ఆయన 1911లో కన్నుమూశాడు. కారు వచ్చేసరికి ఎక్కడానికి ఆయన లేడు. (మహబూబ్‌నగర్‌కు ఆ పేరు వచ్చింది ఈయన వల్లే.) ఆ రోజుల్లో కార్లకు అమర్చే గడియారాలు చాలావరకు చేత్తో కీ ఇచ్చేవి. ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడిచేవి. మరిచిపోతే ఆగిపోయేవి. కార్లలో బ్యాటరీ స్థిరపడ్డాక, ఈ కీ ఇచ్చే పని దానికే అప్పగిస్తే పోలా అని తయారీదారులకు తోచింది. అమెరికాలో బోర్గ్, వెస్ట్‌క్లాక్స్, జర్మనీలో కీంజ్లె వంటి కంపెనీలు అలాంటి గడియారాలు తయారుచేశాయి.

కరెంటు గడియారం అనగానే ఫ్యానులాగా కరెంటుతో తిరిగేదనుకోకండి. లోపల ఉన్నది మామూలు గడియారమే. స్ప్రింగు, పళ్ళచక్రాలు, అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం అన్నీ ఉంటాయి. కరెంటు చేసే పని స్ప్రింగును బిగించడం ఒక్కటే. ఆ స్ప్రింగు చాలా చిన్నది. దానిలో నిలవ ఉండే స్థితిశక్తి ఒకటి రెండు నిమిషాలకు మించి రాదు. స్ప్రింగు వదులవుతున్న కొద్దీ ఆర్మేచరు అనే ఇనప ముక్క మెల్లగా కిందికి జరుగుతుంది. పూర్తిగా జరిగాక దాని కొసనున్న పాయింటు, ఎదురుగా ఉన్న ఇంకో పాయింటును తాకుతుంది. తాకగానే వలయం పూర్తవుతుంది, తీగచుట్టలో కరెంటు పారుతుంది, విద్యుదయస్కాంతం ఆర్మేచరును ఒక్క తోపు తోస్తుంది. ఆ తోపుకు స్ప్రింగు మళ్ళీ బిగుసుకుంటుంది, పాయింట్లు విడిపోతాయి, కరెంటు ఆగిపోతుంది. మీ పాఠ్యపుస్తకంలో ఎలక్ట్రిక్ బెల్ బొమ్మ ఉంటుంది కదా, ఇదీ అలాంటిదే. బెల్ సెకనుకు ఎన్నోసార్లు కొట్టుకుంటే, ఇది రెండు నిమిషాలకు ఒక్కసారి "టక్" మంటుంది.

ఆ టక్కుకు కూడా ఒక కథ ఉంది. 1958లో రోల్స్ రాయిస్ కారుకు డేవిడ్ ఓగిల్వీ రాసిన ప్రకటన చాలా ప్రసిద్ధి కెక్కింది. గంటకు 60 మైళ్ళ వేగంతో పోతున్నప్పుడు కూడా ఆ కారులో అన్నింటికంటే పెద్దగా వినిపించేది కరెంటు గడియారం చప్పుడేనని దాని సారాంశం. ప్రకటనలన్నింటినీ నమ్మనక్కర్లేదు గాని, ఆ కాలపు గడియారాలు చప్పుడు చేసేవన్నది నిజమే.

ఇక జబ్బు సంగతి. కొంచెం లెక్క చేద్దాం. తీగచుట్ట నిరోధం 4 ఓములు అనుకోండి. బ్యాటరీ 12 వోల్టులు. ఓమ్ సూత్రం ప్రకారం కరెంటు 3 ఆంపియర్లు, అంటే 36 వాట్లు. సోల్డరింగు చేసే కర్ర కూడా ఇంచుమించు అంతే! కాని గడియారంలో ఈ కరెంటు సెకనులో యాభయ్యో వంతు కాలం మాత్రమే ఉంటుందనుకుంటే, ఖర్చయ్యేది 0.72 జౌల్. తరువాత రెండు నిమిషాలు విశ్రాంతి. తీగచుట్ట వెచ్చబడనైనా వెచ్చబడదు.

ఇప్పుడు కారును షెడ్డులో పెట్టి నెలల తరబడి తియ్యలేదు. బ్యాటరీ 9 వోల్టులకు దిగింది. కరెంటు 2.25 ఆంపియర్లే వస్తుంది. విద్యుదయస్కాంతం లాగే బలం సుమారుగా కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. కరెంటు ముప్పావు వంతయితే బలం ముప్పావు వంతు కాదు, అందులో మళ్ళీ ముప్పావు, అంటే 56 శాతమే. ఈ బలం ఆర్మేచరును తొయ్యడానికి చాలదు. అది కదలకపోతే పాయింట్లు విడిపోవు. పాయింట్లు విడిపోకపోతే కరెంటు ఆగదు. 20 వాట్ల వేడి తీగచుట్టలో అలా పుడుతూనే ఉంటుంది. రెండు నిమిషాల్లో 2,430 జౌళ్ళు! మామూలు తోపుకు ఖర్చయ్యే దానికి ఇది 3,375 రెట్లు. తీగ మీది ఇనామలు మాడిపోతుంది, బ్యాటరీలో మిగిలిన కొంచెం కూడా హరించుకుపోతుంది.

బోరు మోటారులోనూ ఈ వర్గం లెక్కే. వోల్టేజి ముప్పావుకు పడితే మోటారు తిప్పగలిగే బలం 56 శాతానికి పడుతుంది. ఒక్క తేడా ఉంది. గడియారం తీగచుట్ట మాములుకంటే తక్కువ కరెంటునే తీసుకుంటుంది, కాని వదలకుండా తీసుకుంటుంది. మోటారు మాత్రం నీటి బరువును లాగలేక వేగం తగ్గి, మామూలుకంటే ఎక్కువ కరెంటు గుంజుతుంది. స్టార్టరులో ఓవర్‌లోడు రిలే ఉండేది దీనికోసమే. కొందరు మాటిమాటికీ ట్రిప్పవుతోందని దాన్ని తీసేసి నేరుగా కలిపేస్తారు. మోటారుకు ఇంతకంటే పెద్ద శత్రువు లేడు. కొన్ని గడియారాల్లో కూడా అలాంటి కాపలా ఉంటుంది. తీగచుట్ట పక్కన ఒక చిన్న సోల్డరు అతుకు పెడతారు. వేడెక్కగానే అది కరిగి ఊడిపోతుంది, తీగచుట్ట బతుకుతుంది.

బ్యాటరీ బాగున్నా గడియారం ఆగిపోవచ్చు. దానికి కారణం పాయింట్లు. రెండు నిమిషాలకొకసారి అంటే రోజుకు 720 సార్లు, ఏడాదికి 2,62,800 సార్లు అవి విడిపోతాయి. విడిపోయిన ప్రతిసారీ ఓ చిన్న నిప్పురవ్వ. ఎందుకు? పైపులో నీళ్ళు జోరుగా పారుతుండగా వాల్వును టక్కున మూసేస్తే పైపు అదిరిపోతుంది కదా! తీగచుట్టలో పారే కరెంటు కూడా హఠాత్తుగా ఆగమంటే ఆగదు. అయస్కాంత క్షేత్రం కూలిపోతూ తీగచుట్టలోనే వందల వోల్టులు పుట్టిస్తుంది. దీన్నే స్వయంప్రేరణ అంటారు. 1831లో ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను ప్రకటించాడు; మరుసటి ఏడే జోసెఫ్ హెన్రీ ఈ రవ్వల గురించి రాశాడు. కారు ఇంజనులో పెట్రోలును అంటించే రవ్వ కూడా ఈ సూత్రం మీదే పుడుతుంది. అక్కడ అది ప్రాణం, ఇక్కడ అది చీడ. ఒక్కో రవ్వా రవంత లోహాన్ని కరిగిస్తుంది. ఏళ్ళు గడిచేసరికి ఒక పాయింటు మీద గుంట, రెండోదాని మీద బొడిపె, పైన నల్లటి పొర. ఆ పొర నిరోధం 2 ఓములే అనుకోండి. మొత్తం 6 ఓములవుతుంది, కరెంటు 2 ఆంపియర్లకు, తోపు 44 శాతానికి పడిపోతుంది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర వోల్టేజి నిండుగా ఉన్నా లైను చివరి బోరుకు అందనట్లే!

మరి బాగుచేయడం ఎలా? ఇది పెద్దవాళ్ళను పక్కన పెట్టుకుని చెయ్యవలసిన పని. ముందు బ్యాటరీ తీగ ఊడదీసి, తరువాత గడియారాన్ని బయటికి తియ్యాలి. మల్టీమీటరుతో తీగచుట్ట నిరోధం చూడండి. కొద్ది ఓములు చూపిస్తే అది బతికే ఉంది. అసలు కరెంటు పోవడం లేదంటే సోల్డరు అతుకు ఊడిందేమో చూసి అతికించాలి. తీగే తెగి ఉంటే మోటారు వైండింగు చేసేవాళ్ళ పద్ధతే శరణ్యం: విప్పుతూ చుట్లు లెక్కపెట్టుకోవడం, అదే మందం ఇనామలు రాగి తీగను అన్ని చుట్లే చుట్టడం. మా మేస్త్రీలు గుర్రపుబలాల మోటార్లనే చుడతారు, దీన్ని చుట్టలేరా! కావలసింది ఓపిక.

పాయింట్ల బొడిపెను సన్నని ఆకురాయితో మెల్లగా రాసి, తరువాత వాటి మధ్య తెల్లకాగితం పెట్టి లాగాలి. నలుపు అంటకుండా కాగితం వచ్చేదాకా లాగాలి. ఇరుసుల దగ్గర దుమ్ముతో కలిసి జిగురైపోయిన పాత నూనెను తుడిచి, గడియారాల నూనె సూది మొనతో చుక్కలో పావు వంతు వెయ్యాలి. కొబ్బరినూనె, ఇంజనాయిలు వద్దు. ఎండాకాలం మన ఎండకు మూసిన కారు డాష్‌బోర్డు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. అక్కడ తగని నూనె నిలవదు. పాయింట్ల మీద, హెయిర్ స్ప్రింగు మీద మాత్రం ఏ నూనే పడకూడదు.

ఇంతవరకు చేసి మూసేస్తే గడియారం నడుస్తుంది. కాని రవ్వ పోలేదు కదా! అందుకని తీగచుట్టకు అడ్డంగా ఒక డయోడు అతికిస్తారు. దాని చారల కొన ధన వైపు ఉండాలి. మామూలుగా దానిలోంచి కరెంటు పోదు. పాయింట్లు విడిపోయినప్పుడు పుట్టే కరెంటు మాత్రం గాలిలోకి దూకకుండా డయోడు గుండా తీగచుట్టలోనే తిరిగి చల్లారిపోతుంది. కొన్ని పాత బ్రిటిష్ కార్లలో బ్యాటరీ ధన ధ్రువాన్ని బాడీకి కలిపేవారు. అలాంటి కారులో చూసుకోకుండా డయోడు పెడితే తిరగబడి షార్టవుతుంది.

ఈ బాధలన్నీ ఎందుకని కొందరు లోపలి యంత్రాన్ని తీసేసి క్వార్ట్జ్ యంత్రం పెట్టించుకుంటారు. సెకనుకు 32,768 సార్లు కంపించే స్ఫటికం ముందు బ్యాలెన్స్ చక్రం కచ్చితత్వం ఏపాటిది! తప్పని చెప్పను. అయితే టక్కుమనే చప్పుడు పోతుంది, తీసేసిన యంత్రం ఎక్కడో పోతుంది. నేనైతే పాతదాన్నే బాగుచేస్తాను.

కారును పది రోజులు కదిలించనంటే బ్యాటరీ తీగ తీసి పెట్టండి. గడియారం ఆగితే ఆగింది, మళ్ళీ సరిచేసుకోవచ్చు.

చివరికి ఒక లెక్క. 1950ల మొదట్లో చాలా అమెరికన్ కార్ల బ్యాటరీ 6 వోల్టులే. అలాంటి కారు గడియారాన్ని 12 వోల్టులకు తగిలిస్తే తోపు ఎన్ని రెట్లవుతుంది? వేడి ఎన్ని రెట్లు? చేసి చూడండి. తగిలించడం మాత్రం కాగితం మీదే!