ఇంటియందు చేసికొనదగిన పురుగుమందులు



గడచిన సంవత్సరము మన పాఠశాల తోటలోని చిక్కుడుపాదునకు పేనుబంక పట్టినపుడు, ఏడవ తరగతి బాలుడొకడు తన యింటినుండి పురుగుమందు తెచ్చెను. అది కూల్‌డ్రింకు సీసాలో నుండెను. దానిపై చీటీ లేదు, పేరు లేదు. "మా నాయన టమోటాకు కొట్టే మందు సార్" అని మాత్రము వాడు చెప్పెను. వాని సహాయబుద్ధికి సంతోషించితిని గాని, ఆ సీసాను చూచి నా గుండె ఝల్లుమనెను. 2013వ సంవత్సరము జూలై నెలలో బీహారునందలి గండామన్ గ్రామమున, పాఠశాలలో పెట్టిన మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసినట్లు పరీక్షలలో తేలినది. ఆ సీసాను ఆనాడే వాని తండ్రికి అప్పగించి, మన తోటకు కావలసిన మందును మనమే చేసికొందమని నిశ్చయించితిని.

అందులకు వేపను మించినది లేదు. 1959లో సూడాను దేశమున మిడుతలదండు పచ్చని చెట్లనెల్ల తిని, వేపచెట్లను మాత్రము విడిచిపోవుట ష్ముట్టరర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు గమనించెను. వేపపప్పులోని ముఖ్యద్రవ్యమునకు అజాడిరాక్టిన్ అని పేరు. 1968లో దానిని వేరుచేసిరి. అది పురుగును తక్షణమే చంపదు. మొదట ఆకు రుచింపకుండ జేయును. పురుగు పెరుగవలెనన్న పాత చర్మమును విడువవలెను గదా! ఆ పనిని నడపు హార్మోనును ఇది అడ్డగించును. కుబుసము విడువలేక పురుగు నశించును. కావున మందు చల్లిన మరునాడు పురుగు కదలుచున్నదని నిరాశపడరాదు. ఆకులకు క్రొత్తగా రంధ్రములు పడినవా, లేదా యని చూడవలెను.

చేయు విధము వినుడు. రాలిన వేపపండ్ల గుజ్జు కడిగి, విత్తులను నీడలో ఆరబెట్టవలెను. బూజు పట్టిన వానిని పారవేయవలెను. పైపెంకు తీసిన పప్పు 50 గ్రాములు బరకగా దంచి, పలుచని గుడ్డలో మూటగట్టి, కొద్ది నీటిలో రాత్రియంతయు నానవేయవలెను. ఉదయమున ఆ మూటను పాలవంటి ద్రవము వచ్చువరకు మరల మరల పిండి, మొత్తము ఒక లీటరగునట్లు నీరు పోయవలెను. ఆకునకు అంటుకొనుటకై 2 గ్రాముల సబ్బు తురుమును కరిగించి కలుపవలెను. ఎండ తగిలిన దాని బలము తగ్గును. కనుక సాయంకాలమున, ఆకుల అడుగుభాగము తడియునట్లు, చేసిన నాడే చల్లవలెను. తేనెటీగలును అప్పటికి గూళ్లకు చేరియుండును. వారమునకొకమారు మరల చల్లుట మేలు. పొలమునకైనను ఇదియే పాలు: 100 లీటర్ల నీటికి 5 కిలోల పప్పు. పాల్వంచ సమీపమందలి పునుకుల గ్రామస్థులు ప్రత్తిపై రసాయనములను మానుకొనినపుడు, వేపవిత్తులు వారికి ముఖ్యసాధనములయ్యెను. 2004 నాటికి ఆ గ్రామమంతయు పురుగుమందులను విడిచినది.

పేనుబంకకు, పిండినల్లికి ఉత్త సబ్బునీరే చాలును. లీటరునకు 5 గ్రాముల సాధారణపు సబ్బు. అది మెత్తని పురుగుపై పడి తడిసినప్పుడే పనిచేయును, ఆరిన పిమ్మట పనిచేయదు. ఇందు నా తప్పొకటి చెప్పవలెను. తొలిమారు నేను బట్టలుతుకు పొడిని గుప్పెడు కలిపి, మిట్టమధ్యాహ్నమున చల్లించితిని. పేనుబంకతోబాటు చిక్కుడాకులును మాడిపోయెను! నాటినుండి ఏ మందునైనను ముందు రెండాకులపై చల్లి, ఒక దినము ఆగి చూచుచున్నాము. పాదుపై అక్షింతల పురుగులు కనబడిన అసలు చల్లము. అవి పేనుబంకను తినివేయును.

ఇంట చేసినదంతయు నిరపాయకరమని తలంపరాదు. పొగాకు నానిన నీటిని కొందరు మందుగా వాడుదురు. అందలి నికోటిను చర్మముగుండ దేహములోనికి పోవు ఘోరవిషము. అంతేగాక ఎండిన పొగాకులో నుండు ఒక వైరసు టమోటాకును సోకి తెగులు కలిగించును. టమోటాయే జీవనాధారమైన కుటుంబములు పలమనేరు చుట్టుపట్ల ఎన్ని గలవో మీకు తెలియును. చుట్ట, బీడీ ముట్టిన చేతులు కడుగుకొననిదే తోటలో అడుగిడవద్దని మీ యింటి పెద్దలకు మెల్లగా చెప్పుడు. సీతాఫలపు గింజల పొడిని పేలకై తలకు రాయుటయు అపాయకరమే. అది కంటబడిన నల్లగ్రుడ్డుపై పుండు పడును. వేపనూనెయు అంతే. పసిపిల్లల నోట పోయరాదు.

ఇంటిలోని పప్పుధాన్యములకు పుచ్చు పట్టకుండుటకు కిలోకు ఒక చిన్నచెంచా ఆముదమో, వేరుసెనగనూనెయో పట్టించిన చాలును. గింజపై పెట్టిన గ్రుడ్లు నూనెపొరక్రింద ఊపిరాడక చచ్చును. అయితే గింజలు బాగుగా ఎండియుండవలెను. ఈ పని మన అవ్వలు ఎప్పుడును చేయుచున్నదే.

ఏ మందు చేసినను, ఆ పాత్రను వంటకు వాడరాదు. మిగిలినదానిని త్రాగు సీసాలలో పోయరాదు. వేపపండ్లు రాలుకాలమునకు బడులు తెరచియుందుము. ప్రతి విద్యార్థియు ఒక సేరు విత్తులు ఆరబెట్టి, గోనెసంచిలో తెచ్చియిచ్చిన, ఏడాదిపొడుగున తోటకు సరిపోవును. ప్లాస్టిక్ సంచులలో మాత్రము తేవద్దు, బూజు పట్టును.