ఆగ్మెంటెడ్ రియాలిటీ – ఆరోప విచారము

ఉపోద్ఘాతము

కంటి ఎదుట ఉన్న వస్తువును ఉన్నట్లే చూపుచు, దానిపై లేని రూపమును గాని అక్షరమును గాని నిలిపి చూపు యంత్రవిద్యకు ఆగ్మెంటెడ్ రియాలిటీ అని పేరు. పాఠశాలలో తర్క వేదాంతములు చదివిన నావంటివానికి ఈ విషయమున వ్రాయుటకు అధికారమేమని పాఠకులు అడుగవచ్చును. యంత్రనిర్మాణమున నాకు అధికారము లేదు. అయితే ఉన్నదానిపై లేనిది తోచుట మన శాస్త్రములకు క్రొత్త విషయము కాదు. శుక్తిరజతము, రజ్జుసర్పము, స్ఫటికలౌహిత్యము మొదలగు దృష్టాంతములతో మన దర్శనములు దీనినే శతాబ్దములుగా విచారించినవి. పైగా తాళపత్ర గ్రంథపఠనమునకు కూడ ఇట్టి పరికరములు ఉపకరించునను మాట వినవచ్చుచున్నది. కావున ప్రాచ్యకళాశాలల అధ్యాపకులు దీని స్వరూపమును, ప్రయోజనమును, దోషమును ముందుగా తెలిసికొనుట మంచిది.

లక్షణము – పదకృత్యము

అమెరికాలో ఐవన్ సదర్లాండ్ 1968లో తలకు ధరించు దర్శనయంత్రమును గూర్చి పత్రము ప్రకటించెను. తల ఎటు తిరిగినదో కనిపెట్టుటకు పైకప్పునుండి వ్రేలాడు యంత్రదండము దానికి తగిలింపబడినది. ధరించినవానికి గదియు కనబడెడిది. గదిలో తేలుచున్నట్లు గీతలతో కూర్చిన బొమ్మయు కనబడెడిది. పేరు తరువాత వచ్చినది. బోయింగ్ విమానసంస్థకు చెందిన టామ్ కాడెల్, డేవిడ్ మిజెల్ అనువారు 1992లో ప్రకటించిన పత్రమున ఈ పేరు కనబడును. 1997లో రొనాల్డ్ అజుమా తన సమీక్షాపత్రమున మూడు ధర్మములతో లక్షణము చెప్పెను. వాస్తవమును కల్పితమును కలిపి చూపుట మొదటిది. తత్కాలముననే చూచువాని చేష్టకు అనుగుణముగా మారుట రెండవది. కల్పితము పొడవు, వెడల్పు, లోతు అను మూడు దిశలలోను వాస్తవస్థానమునకు కుదురుకొనుట మూడవది.

మన పద్ధతిలో దీనికి పదకృత్యము చెప్పుకొందము. మొదటి ధర్మము లేనియెడల, చుట్టు ఉన్న ప్రపంచమును పూర్తిగా మరుగుపరచి కల్పితప్రపంచమునే చూపు వర్చువల్ రియాలిటీ యందు అతివ్యాప్తి కలుగును. రెండవది లేనియెడల, నటుల ప్రక్కన కల్పితమృగములను చేర్చి చూపు చలనచిత్రమున అతివ్యాప్తి. మూడవది లేనియెడల, క్రికెట్ ప్రసారమున తెర అడుగున కనబడు పరుగుల పట్టికవంటి వానియందు అతివ్యాప్తి. ఆ పట్టిక తెరకు అంటుకొనునే గాని మైదానమున ఏ స్థానమునకును అంటుకొనదు. ఇక 'తలకు ధరింపబడునది' అను విశేషణమును అజుమా లక్షణమున చేర్చలేదు. చేర్చియుండినచో నేడు చేతిలోని ఫోనుద్వారా జరుగు దర్శనమునందు అవ్యాప్తి కలిగెడిది. 2017లో ఆపిల్, గూగుల్ సంస్థలు ఫోనులకు ఇట్టి సాధనసంపుటులను ప్రకటించినపుడు ఆ జాగ్రత్త సార్థకమైనది.

పేరునుగూర్చి ఒక మాట. 'సంవర్ధిత వాస్తవము' అను అనువాదము వినబడుచున్నది. కాని ఇచ్చట వాస్తవము వృద్ధిపొందదు. యంత్రముపై బాణపుగుర్తు కనబడినంత మాత్రమున యంత్రమునకు క్రొత్త అవయవము పుట్టదు. వృద్ధి పొందునది చూచువాని జ్ఞానమే. కావున వాడుకలోని పేరునే స్వీకరించి, అర్థమును మాత్రము సరిగా గ్రహింతము.

ఇది భ్రమయా?

లేనిది ఉన్నట్లు తోచుచున్నది కనుక ఇది భ్రమయే యని పూర్వపక్షము. దీనికి సమాధానము శాంకరభాష్యముననే కలదు. బ్రహ్మసూత్రభాష్యారంభమున చెప్పబడిన అధ్యాసము తెలియక జరుగునది, తత్త్వజ్ఞానముచే తొలగునది. తృతీయాధ్యాయమున ఉద్గీథోపాసనను విచారించునపుడు ఆచార్యులు మరియొక అధ్యాసమును చూపిరి. అచ్చట ఒక వస్తువుయొక్క బుద్ధి తొలగకుండగనే దానిపై వేరొక బుద్ధి ఉంచబడును. ప్రతిమయందు విష్ణుబుద్ధి ఇట్టిది. అర్చకునకు శిలయని తెలియును. తెలిసియే విష్ణువని భావించును. తార్కికులు ఇట్టి బుద్ధిపూర్వకమైన దానిని ఆహార్యమందురు.

ఆహార్యమునకు ఇచ్ఛ కారణము గదా, ఇచ్చట బొమ్మ కన్ను తెరచిన వెంటనే కనబడుచున్నదే యని ఆక్షేపింపవచ్చును. నిజమే. కావున రెండు అంశములను వేరుచేయవలెను. కనబడుట అను అంశము స్ఫటికలౌహిత్యము వలె సోపాధికము. స్ఫటికము తెల్లనిదని తెలిసినను, మందారము ప్రక్కననున్నంతవరకు ఎఱుపు తోచును. అట్లే పరికరమను ఉపాధి ఉన్నంతవరకు బొమ్మ తోచును. తోచినదానిని అనుసరించి పని చేయుట అను అంశము మాత్రము తెలిసి చేయునదగుటచే ఆహార్యము. ఈ రెండవ అంశమున ఎఱుక నశించినచో నిజమైన భ్రమ ఆరంభమగును.

సంవాదము – ప్రయోజనములు

భ్రమలలోను సంవాది, విసంవాది అను భేదమున్నది. మణికాంతిని మణియని తలచి పరుగెత్తినవానికి మణి లభించును; దీపకాంతిని మణియని తలచినవానికి లభింపదు. ధర్మకీర్తి ప్రమాణవార్తికమునను, పంచదశి ధ్యానదీపప్రకరణమునను ఈ దృష్టాంతము ప్రసిద్ధము. ఆగ్మెంటెడ్ రియాలిటీకి ప్రాణము ఈ సంవాదమే.

బోయింగ్ సంస్థవారి ఉద్దేశము విమానమున అమర్చవలసిన తీగల కట్టలను కూర్చుట. పెద్దపలకలపై ఏ తీగ ఏ మార్గమున పోవలెనో చూపు పటములకు బదులు, పనివాని కంటికే ఆ మార్గమును చూపవలెనని వారు తలచిరి. 1992లోనే నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధకులు గర్భిణి ఉదరముపై అల్ట్రాసౌండ్ చిత్రమును, అది చెందిన స్థానముననే నిలిపి చూపు ప్రయత్నమును ప్రకటించిరి. 1993లో కొలంబియా విశ్వవిద్యాలయమున స్టీవెన్ ఫైనర్ మొదలగువారు ముద్రణయంత్రమును బాగుచేయు క్రమమును ఆ యంత్రముపైననే గీతలతో చూపిరి. ఇట్టివానియందు గీత అసత్యమే. గీత చూపిన స్థానము సత్యము. ఆ స్థానమున పని ఫలించినచో ఆరోపము సంవాది.

సంవాదము తప్పుటకు ముఖ్యకారణము కాలవిలంబము. చూచువాడు సెకనుకు 50 డిగ్రీల వేగముతో తల త్రిప్పెననుకొందము. తల కదలికను గ్రహించి బొమ్మను మార్చుటకు యంత్రమునకు సెకనులో పదియవవంతు పట్టినచో, బొమ్మ 5 డిగ్రీలు వెనుకబడును. 68 సెంటీమీటర్ల దూరముననున్న వస్తువుపై ఇది ఇంచుమించు 6 సెంటీమీటర్ల తప్పు. ఆటబొమ్మ విషయమున ఇది నవ్వుకొనదగినది. శస్త్రవైద్యుని కత్తిక్రింద ప్రాణాపాయము.

ఉపాధిభేదము కూడ గమనింపదగినది. 2016లో వెలువడిన హోలోలెన్స్ వంటివానిలో వస్తువును కన్ను అద్దముగుండా స్వయముగా చూచును. బొమ్మ మాత్రము కలుపబడును. 2024లో వెలువడిన ఆపిల్ విజన్ ప్రో యందు ఎదుటి వస్తువు సైతము కెమెరా తీసిన చిత్రరూపముననే కంటికి చేరును. మొదటిదానిలో అధిష్ఠానము నేరుగా దృష్టికి గోచరము. రెండవదానిలో ఆరోప్యము, అధిష్ఠానము రెండును ఒకే తెరమీదివి. అందుచే రెండవదానిలో ఏది ఉన్నది, ఏది చేర్చబడినది అను వివేకమునకు మరింత జాగరూకత కావలెను.

తాళపత్రముల విషయము

మా గురువుగారు తాళపత్రములు చదివించునపుడు ముందుగా దీపపుమసి రాయించెడివారు. గంటముతో గీసిన అక్షరము మసి నిండగానే నల్లగా బయటపడెడిది. మసి అక్షరమును చేర్చదు. ఉన్న అక్షరమునే వెల్లడించును. అది అభివ్యంజకము. పరికరము పత్రముపై అచ్చుటక్షరములను నిలిపి చూపినచో అది అభివ్యంజకము కాదు, ఆరోపము. చూపులో రెండును ఒకటిగా తోచుటయే ఇచ్చట ప్రమాదము.

ఈ ప్రమాదము నా అనుభవమున ఉన్నది. యౌవనమున ఒక కాగితపుప్రతిని చూచి నేను వేరొక ప్రతి వ్రాసితిని. దానిలో పూర్వపాఠకుడెవరో పెన్సిలుతో పదవిభాగపుగీత గీసియుండెను. అది మూలముననే యున్నదని నమ్మి పదములను విడదీసి వ్రాసితిని. చాలకాలమునకు మూలతాళపత్రము చూచినపుడు అట్టి విభాగము లేదని తెలిసినది. ఈలోగా నా ప్రతిని మరి ఇద్దరు ఉపయోగించుకొనిరి. పదములమధ్య ఖాళీ విడువని మన పత్రములలో ఇది చిన్నదోషము కాదు. 'నతేన' అను మూడక్షరములను ఏకపదముగా గ్రహించినచో 'వంగినవానిచేత' అని యర్థము. 'న తేన' అని విడదీసినచో 'అతనిచేత కాదు' అని యర్థము. ఒక్క ఖాళీతో విధి నిషేధమగును. పెన్సిలుగీతను చెరిపివేయవచ్చును, పత్రముపై స్పష్టముగా వెలుగుచు నిలిచిన అక్షరమును విద్యార్థి సందేహించుట కష్టము.

కావున ఇట్టి పరికరములు మన గ్రంథాలయములకు వచ్చునాటికి మూడు నియమములు ఏర్పడవలెనని నా అభిప్రాయము. ఆరోపితాక్షరము మూలాక్షరముకంటె వేరు వర్ణమున ఉండవలెను. దానిని క్షణములో తొలగించి మూలమును మాత్రమే చూచు ఉపాయము చదువరి చేతిలో ఉండవలెను. అధ్యారోపముతోబాటు అపవాదము కూడ ఉండవలెనన్నమాట. మూడవది, ఆ పాఠము ఎవరు నిర్ణయించినదో, ఏ ప్రతి ఆధారమో అచ్చటనే తెలియవలెను. సందిగ్ధస్థలమున ఒక్క పాఠమునే చూపక పాఠాంతరములన్నిటిని చూపవలెను.

ఉపసంహారము

ఆగ్మెంటెడ్ రియాలిటీ స్వతః భ్రమయు కాదు, స్వతః ప్రమయు కాదు. కనబడుటయందు సోపాధికము, వ్యవహారమున ఆహార్యము, స్థానము కుదిరినపుడు సంవాది, కుదరనపుడు విసంవాది. దానిని సాధనముగా నిలుపునది యంత్రమొక్కటే కాదు. ఇది ఆరోపమను చూచువాని ఎఱుక. శిష్యునకు తెర చూపుటకుముందు పత్రము చూపుడు. మసిరాసిన అక్షరమును ఒక్కసారియైన వానిచేత స్వయముగా చదివింపుడు. అధిష్ఠానమును ఎఱిగినవానికి ఆరోపమువలన హాని లేదు.