పందెము ధర, దాని గణితము

మహాభారతమున అరణ్యపర్వమునందలి నలోపాఖ్యానము నన్నయ భట్టారకుని రచన. నలుడు జూదమున రాజ్యమును కోల్పోవుట అందరికిని తెలిసినదే. దానిని తిరిగి ఎట్లు గెలిచెనో మాత్రము మన విద్యార్థులు పరీక్ష కొరకు చదివి మరచుచున్నారు. ఋతుపర్ణుడు రథముపై నుండియే తాండ్రచెట్టు ఆకులకును, కాయలకును లెక్క చెప్పెను. నలుడు రథమాపి, కాయలను లెక్కించి, సరిచూచుకొని, ఆ సంఖ్యావిద్యను అక్షహృదయముతో కూడ గ్రహించెను. పాచికల మర్మము లెక్కలో ఉన్నదని పూర్వులు ఎరిగినారనుటకు ఈ ఘట్టమే సాక్ష్యము.

మా ప్రస్తుత విషయము బాస్కెట్‌బాల్ ఆటలపై కాయు పందెములు. ప్రాణము లేని వస్తువులతో ఆడునది ద్యూతమనియు, ప్రాణులపై పందెము కాయుట సమాహ్వయమనియు మనుస్మృతి విభజించినది. ఆ లెక్కన ఇది సమాహ్వయము. అరబ్బీలో జూదమునకు మైసిర్ అని పేరు. సౌలభ్యమను అర్థముగల ధాతువు నుండి అది పుట్టినదని, అనగా సులభముగా చేజిక్కు ధనమని, పలువురు వ్యాఖ్యాతలు చెప్పుదురు. ఆ ధనము నిజముగా ఎవరికి సులభమో చూతము.

మన సీమలో పందెమనగానే క్రికెట్ స్ఫురించును. ప్రొద్దుటూరు వంటి పట్టణములలో బుకీల అరెస్టులు పత్రికలకు కొత్త వార్త కాదు. అయినను పందెము కట్టుబడి తేటగా కనిపించునది బాస్కెట్‌బాల్‌లోనే. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున జేమ్స్ నైస్మిత్ రూపొందించిన ఈ ఆట పాయింట్ల తేడాతో ముగియును. ఆ తేడాయే పందెమునకు ఆధారము.

కర్నూలు జట్టు బలమైనది, కడప జట్టు బలహీనమైనది అనుకొందము. ఎవరు గెలుతురని అడిగిన అందరును కర్నూలుపైననే కాయుదురు. అందుచేత బుకీ కర్నూలుకు ఆరున్నర పాయింట్ల భారము పెట్టును. కర్నూలు 80, కడప 74 చేసినవనుకొనుడు. కర్నూలు గెలిచినది. కాని తేడా ఆరే గనుక కర్నూలుపై కాసినవాడు ఓడినాడు. ఆ అరపాయింటు ఎందుకని విద్యార్థులు అడుగుదురు. ఆటలో అరపాయింటు లేదు గనుక పందెము సమముగా తేలి డబ్బు వాపసు ఇయ్యవలసిన అవసరము రాదు.

ఇక ధర. అమెరికాలో సాధారణముగా 100 రూపాయలు గెలుచుటకు 110 ఒడ్డవలెను (డాలర్లను మేము రూపాయలుగా వ్రాయుచున్నాము). ఇరువురు చెరొక ప్రక్క కాసిన బుకీ చేతికి 220 వచ్చును, గెలిచినవానికి 210 పోవును, 10 మిగులును. ఆట ఎటు తిరిగినను ఆ పది అతనిదే. నూరు పందెములలో 50 గెలిచినవాడు 5,000 సంపాదించి 5,500 పోగొట్టుకొనును. 52 గెలిచినను 80 రూపాయల నష్టమే. 53 గెలిచిన గాని 130 లాభము కనబడదు. సగముకంటె మెరుగైన జ్ఞానము కలవాడు కూడ ఓడుట ఇందలి విశేషము.

మన పల్లెలెరిగిన మట్కాలోను ఇదే సూత్రము. న్యూయార్కు నుండి బొంబాయికి వచ్చు ప్రత్తి ధరల అంకెలపై ఆ జూదము మొదలైనది. ప్రత్తి వ్యాపారమునకు పేరుపడిన ఆదోని ప్రాంతపు విద్యార్థులు ఇది గమనింపవలెను. పది అంకెలలో ఒకటి తగిలిన, సాధారణముగా రూపాయికి తొమ్మిది ఇత్తురు. పది ఇచ్చిన గదా న్యాయము!

నాలుగు ఆటలను ఒకే పందెముగా కలిపి ఆశపెట్టు పద్ధతి ఒకటి కలదు. నాలుగును సరిగా తగులుటకు అవకాశము పదునారింట ఒకటి. కనుక రూపాయికి 16 రావలెను. పై ధరలను గుణించిన సుమారు 13 మాత్రమే వచ్చును. ఒక్క పందెమున నూటికి అయిదు లోపుగా నున్న బుకీ వాటా ఇచట పదునేడుకు చేరినది. మా దృష్టిలో యువకులను ముంచునది ఇదే. చిన్న మొత్తము, పెద్ద ఆశ.

తేడాపై పందెమునకు మరియొక దోషము కలదు. ఆటగాడు తన జట్టును ఓడింపనక్కరలేకయే మోసము చేయవచ్చును, తేడాను తగ్గించిన చాలును. న్యూయార్కు సిటీ కాలేజీ జట్టు 1950లో అమెరికాలోని రెండు పెద్ద కళాశాల పోటీలను ఒకే ఏట గెలిచినది. 1951లో ఆ జట్టు ఆటగాండ్రే డబ్బు తీసికొని పాయింట్లు తగ్గించిన నేరమున అరెస్టయినారు. వారు మన తరగతిలోని వారి ఈడు పిల్లలే. 2007లో టిమ్ డోనగీ అను రెఫరీ కూడ ఆటలపై పందెముల విషయమున నేరము ఒప్పుకొనెను.

చట్టమునకు వత్తము. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానముగా నేర్పుతో కూడిన ఆటగా నిర్ణయించినది. నేర్పా, అదృష్టమా అను ఈ ప్రశ్నయే చాలకాలము న్యాయవాదుల ఆయుధము. డబ్బు ఒడ్డి ఆడు ఆన్‌లైన్ ఆటల విషయమున 2025లో పార్లమెంటు చేసిన చట్టము ఆ భేదమును పాటింపలేదు. ఆ ఆటలను నడుపువారికి మూడేండ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. ఆడువానికి ఆ చట్టమున శిక్ష లేదు. 1974 నాటి మన రాష్ట్ర జూద నిషేధ చట్టము మాత్రము జూదగృహమున పట్టుబడిన ఆటగానిని కూడ శిక్షించును.