రుబ్బిన పిండి ఎవరికి పెట్టను?

సమస్య

అమ్మా,

నాకు తెలుగు మాట్లాడటం వచ్చు గానీ రాయడం రాదు. చదివిందంతా తమిళమే. హోసూరులో ఉండే మా తమ్ముడి కోడలు తెలుగు బడిలో చదువుకున్న పిల్ల. నేను ఫోన్‌లో చెబుతుంటే తను రాస్తోంది.

నా వయసు అరవై నాలుగు. కోయంబత్తూరు పీళమేడులో మా మామగారు కట్టించిన పాత ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. మావారు లేరు. అబ్బాయి కుటుంబంతో అమెరికాలో ఉన్నాడు. చెల్లెలి కుటుంబం మదురైలో, నాయకర్ మహల్ దగ్గర ఉంటుంది. ఒంటరిగా ఉండటం నాకు కొత్త కాదు. కానీ ఈ మే నెల నుంచి ఉన్నది ఆ ఒంటరితనం కాదు.

10వ తేదీన లాక్‌డౌన్ పెట్టారు. 24 నుంచి కిరాణా కొట్లు కూడా మూసేశారు. కూరగాయల బండి వీధిలోకి వచ్చేది. రెండు టమాటాలు, ఒక వంకాయ ఇమ్మంటే బండివాడు విసుక్కునేవాడు. కట్టిన సంచీ మొత్తం తీసుకుంటే సగం కుళ్ళిపోయేది. గ్యాస్ కుర్రాడు బండను గేటు దగ్గర దించేసి పోతాడు, లోపలికి నేనే దొర్లించుకోవాలి. స్నానాల గదిలో బల్బు మాడిపోయింది. స్టూలెక్కితే కళ్ళు తిరుగుతాయి. టార్చిలైటు కిటికీలో పెట్టుకుని స్నానం చేస్తున్నాను.

పోయిన వారం ఇడ్లీకి రుబ్బాను. మా గ్రైండర్ ఇంటినిండా మనుషులున్నప్పుడు కొన్నది. గుప్పెడు పప్పు వేస్తే రాయికి అందదు, అంచులకు అంటుకుని ఊరికే తిరుగుతుంది. అందుకని ఎప్పటిలాగే పోశాను. ఇదివరకైతే సగం పిండి గిన్నెలో పోసి గోడమీదుగా పక్కింటావిడకి అందించేదాన్ని. ఆ గిన్నె ఏనాడూ ఖాళీగా తిరిగి రాలేదు, కాస్త కుళంబో నాలుగు మురుకులో ఉండేవి. వాళ్ళింట్లో చంటిబిడ్డ ఉంది. కరోనా మళ్ళీ వచ్చాక వాళ్ళు తలుపు తీయడం లేదు, నేనూ పిలవడం లేదు. పులిసిపోయిన పిండి పారబోస్తూ భోరున ఏడ్చాను.

ఏడ్చినందుకు నామీద నాకే అసహ్యం వేసింది. మా ఊళ్ళో చెన్నై కంటే ఎక్కువ కేసులని టీవీలో చెబుతున్నారు. మంచం దొరక్క మనుషులు పోతుంటే, పిండి పోయిందని ఏడ్చే ఆడదాన్ని ఏమనాలి?

ఇంకొకటి కూడా చెప్పాలి. పాలబ్బాయితో తమిళం, మందుల కొట్లో తమిళం, టీవీలో తమిళం. ఆ భాష మీద నాకేం కోపం లేదు, అదీ నాదే. కానీ నేను తెలుగు మాట్లాడేది కోవెల అరుగు మీద చేరే మనవాళ్ళతోనే. ఏప్రిల్‌లోనే కోవెలలోకి జనాన్ని ఆపేశారు. మొన్న పాలు పొంగుతుంటే "ఉండవే, వస్తున్నా" అన్నాను. పొద్దుటినుంచి నా నోట వచ్చిన తెలుగు మాట అదొక్కటేనని తోచి భయం వేసింది.

అబ్బాయి రోజూ ఫోన్ చేస్తాడు. "తిన్నావా, మాస్కు పెట్టుకున్నావా, బయటికి పోవద్దు." అంతే. ఇప్పుడు ఇల్లు అమ్మేసి, ఇక్కడే ఉన్న సీనియర్ సిటిజన్ల హోమ్‌లో చేరమంటున్నాడు. చెల్లెలు వచ్చేయమంటోంది. బస్సుల్లేవు. కారులో పోదామంటే ముందు ప్రభుత్వం దగ్గర చేసుకోవలసిన ఈ-రిజిస్ట్రేషన్‌కి కారణం చూపాలట. చావుకో వైద్యానికో అయితే పంపుతారు గానీ, ఒక్కదాన్నే ఉండలేకపోతున్నానంటే ఎవరు పంపుతారు?

ఇల్లు అమ్మేయమంటారా? ఈ చిన్న చిన్న వాటికి ఏడవకుండా ఉండాలంటే ఏం చేయాలి?

ఒక అక్క, కోయంబత్తూరు
జూన్ 2021

సలహా

అక్కయ్యగారూ,

ముందుగా మీ రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను. మీరు ఏడ్చినందులో తప్పేమీ లేదు. ఆస్పత్రి ముందు నిలబడినవాళ్ళ కష్టం పెద్దదే. అంతమాత్రాన మీది కష్టం కాకుండా పోదు. మీరు ఏడవకపోయినంత మాత్రాన వాళ్ళకొక మంచం దొరికేదీ లేదు. అసలు మీరు ఏడ్చింది పిండి కోసం కాదు. గోడమీదుగా వెళ్ళే గిన్నె ఆగిపోయినందుకు.

ఒంటరిగా ఉండేవాళ్ళ రోజు ఎలా గడుస్తుందో కలిసి ఉండేవాళ్ళకు తెలియదు. పిండి రుబ్బితే పక్కింటావిడ పలకరింపు, కూరలు కొంటే బేరం, గ్యాస్ వస్తే కుర్రాడితో రెండు మాటలు, సాయంత్రమైతే కోవెల అరుగు. మీ ప్రతి పనికీ చివర ఒక మనిషి ఉండేవారు. లాక్‌డౌన్ ఆ మనుషులను తీసేసి పనులను మాత్రం మీకు వదిలింది. అందుకే ఇదివరకు చులాగ్గా చేసిన పనే ఇప్పుడు మోయలేనంత బరువైంది. మీ ఓపిక తగ్గిందనో, వయసు మీద పడిందనో అనుకోకండి.

తెలుగు గురించి మీరు చెప్పిన మాట నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురై పాలనకు వచ్చినప్పటి నుంచి, అంతకు ముందూ ఆ తర్వాతా, దక్షిణానికి వెళ్ళిన మనవాళ్ళు ఆ నేల భాషను తమ భాషగా చేసుకున్నారు. పోనుపోను బడి, సంత, కచేరీ అన్నీ తమిళంలోకి మారాయి. తెలుగు మాత్రం ఇంటి గడప లోపల, వంటింట్లో, పిల్లలను నిద్రపుచ్చే చోట ఉండిపోయింది. మీలాంటి ఇళ్ళల్లో రాత లేకుండా ఇన్ని తరాలు అది నిలిచింది ఇంట్లో ఇంకో మనిషి ఉన్నందువల్లే. విజయవాడలోనో వరంగల్‌లోనో ఒంటరిగా ఉన్నామెకు వీధిలోకి తొంగిచూస్తే తెలుగు వినిపిస్తుంది. మీకు ఇల్లు మూగబోతే భాషే మూగబోతుంది. మీరు పడిన భయం ఉత్తి భయం కాదు. కాబట్టి దానికి మందు కూడా భాషలోనే వెతకాలి.

ఆ మందు మీ ఉత్తరంలోనే ఉంది. ఇంత ఉత్తరం మీరు తెలుగులో చెప్పారు, హోసూరులో ఒక పిల్ల విని రాసింది. ఆ సేపు మీకు ఎలా ఉందో గుర్తు తెచ్చుకోండి. అది ఈ ఒక్క ఉత్తరంతో ఆగిపోకూడదు. వారంలో రెండు మూడు రోజులు, ఒక వేళ పెట్టుకుని, మీ అవ్వ చెప్పిన కథలు, మీ పెళ్ళిలో పాడిన పాటలు, మీ ఊరి మిల్లు సైరను బట్టి వంట చేసిన రోజుల ముచ్చట్లు ఆ అమ్మాయికి చెప్పండి. ఆమె రాస్తుంది. 2021 మే 17న పుదుచ్చేరిలో కన్నుమూసిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగే. తెలుగు నేల విడిచి దక్షిణానికి నడిచి వెళ్ళిన కుటుంబాల కథను ఆయన 'గోపల్ల గ్రామం' నవలగా తమిళంలో రాశారు. దాని కొనసాగింపు 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ రాతల వెనక ఉన్నది పెద్దవాళ్ళు చెప్పుకుంటూ వచ్చిన మాటలే. మీకు తమిళం చదవడం వచ్చు కాబట్టి ఆ నవల తెప్పించుకోండి. చదివింది ఆ పిల్లకు తెలుగులో చెప్పండి.

ఇక రోజువారీ పనులు. పక్కింటావిడకు ఈ రోజే ఫోన్ చేయండి. "ఎలా ఉన్నారు" అని ఆపేయకుండా, పని చెప్పండి: "రేపు రుబ్బుతున్నాను, సగం పిండి గేటు మీద పెడతాను. నాకు కూరల సంచీలో సగం చాలు, మిగతాది మీరు తీసుకోండి." ఈ జబ్బు ముఖ్యంగా మూసిన గదుల్లో గాలి ద్వారా అంటుకుంటుంది. బయట, మాస్కు పెట్టుకుని, గిన్నె గేటు మీద ఉంచి దూరం జరిగితే ప్రమాదం చాలా తక్కువ. తీసుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు. చంటిబిడ్డ తల్లి మీకంటే ఎక్కువ భయంలో ఉండి ఉంటుంది. ఆమె తలుపు మూసుకున్నది వైరస్‌కు భయపడి. మిమ్మల్ని వద్దనుకుని కాదు.

సాయం అడగడం దగ్గరే మీకు చిక్కు అనిపిస్తోంది. మీ ఊరి సంగతి మీకు చెప్పనక్కరలేదు. పీళమేడు గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కొడుకులు ఆస్తి పంచుకుంటూ ధర్మానికి అయిదో వాటా తీశారు. 1926లో మొదలైన ఆ ధర్మసంస్థే తర్వాత బడులు, కళాశాలలు, ఆస్పత్రి నడిపింది. అలాంటి చోట బతికినవాళ్ళకు పెట్టడం తెలుసు, చేయి చాచడం నామోషీ. కానీ పుచ్చుకునేవాళ్ళు లేకపోతే పెట్టేవాళ్ళకు చోటెక్కడిది? పక్కింటాయన మీ బల్బు మారిస్తే, గ్యాస్ బండ వరండాలోకి చేరిస్తే, ఆయనకూ ఆ రోజు ఒక మంచి పని దొరికినట్టే. టార్చి వెలుగులో తడి నేల మీద కాలు జారితే ఇప్పుడు ఆస్పత్రిలో చూసే నాథుడుండడు. అందుకని ఆ బల్బు ఇక వాయిదా వేయొద్దు. కిటికీ తెరిచి, ఆయనా మీరూ మాస్కు పెట్టుకుంటే అయిదు నిమిషాల పని.

చెల్లెలితో రోజూ ఒకే వేళకు మాట్లాడండి. 2020 మే 4న మదురై గుడిలో మీనాక్షి కళ్యాణం భక్తులు లేకుండా, కొద్దిమంది అర్చకులతో జరిగింది. గుడిలోకి వెళ్ళలేని మదురై ముత్తయిదువలు ఆ ముహూర్తానికే ఇళ్ళల్లో తాళి కొత్త తాడుకు మార్చుకున్నారు. కలిసి ఉండలేనప్పుడు వేళనైనా కలుపుకోవచ్చు. ఆమె అక్కడ కూర తరుగుతూ, మీరిక్కడ కూర తరుగుతూ, స్పీకర్ పెట్టుకుని మాట్లాడుకోండి. ప్రతిసారీ విషయం ఉండక్కరలేదు. ఇక ప్రయాణం సంగతి. ఈ-రిజిస్ట్రేషన్‌లో చూపించే కారణాల్లో పెద్దవాళ్ళ సంరక్షణ కూడా ఉంది. మరీ ఉండలేననిపిస్తే చెల్లెలి కొడుకును ఆ కారణం చూపి వచ్చి తీసుకెళ్ళమనండి.

అబ్బాయికి కూడా ఒక మాట చెప్పండి. రోజూ రెండు నిమిషాల జాగ్రత్తలు కాకుండా, ఆదివారం ఒక గంట కావాలని అడగండి. మనవలు పక్కన కూచోవాలి, వాళ్ళకు మీరు తెలుగులో కథ చెప్పాలి. వాళ్ళకు సగమే అర్థమైనా పరవాలేదు. దూరాన ఉన్న కొడుకులు, కూతుళ్ళు ఈ శీర్షిక చదువుతుంటే వాళ్ళకూ నా మనవి ఇదే. "తిన్నావా" అన్నదానికి "తిన్నాను" తప్ప వేరే జవాబు రాదు. "ఇవాళ ఏం వండావు, ఎలా కుదిరింది, మిగిలింది ఏం చేశావు" అని అడగండి. అమ్మ రోజు ఎలా గడిచిందో అప్పుడు తెలుస్తుంది.

టీవీ వార్తలు సాయంత్రం ఒక్కసారి చూస్తే చాలు. టీకా డోసు తేదీ వస్తే వదలకండి. వరసగా నిద్ర పట్టకపోయినా, అన్నం సహించకపోయినా, బతుకు ఎందుకనిపించినా ఆలస్యం చేయొద్దు. 104కు ఫోన్ చేస్తే మానసిక ఆరోగ్యం గురించి కూడా మాట్లాడతారు. పెద్దవాళ్ళ కోసమే పెట్టిన ఎల్డర్ లైన్ 14567 తమిళనాడులో కూడా పనిచేస్తోంది. ఆ నంబర్లు రెండూ పెద్ద అంకెలతో రాసి ఫోన్ పక్కన అతికించండి.

చివరిగా ఇల్లు. ఇప్పుడు అమ్మకండి, హోమ్‌లో చేరకండి. చేరడం తప్పని కాదు, మీ కోయంబత్తూరులో చక్కగా నడిచే చోట్లూ ఉన్నాయి. కానీ తలుపులన్నీ మూసి ఉన్న కాలంలో ఇల్లు ఎలా ఉందో చూసి దాన్ని తూచకూడదు. బస్సులు తిరగనివ్వండి. మదురై వెళ్ళి చెల్లెలి దగ్గర కొన్నాళ్ళు ఉండి రండి. కోవెల తెరిచాక అరుగు మీద మళ్ళీ ఎంతమంది చేరుతున్నారో చూడండి. అప్పుడు మీ అబ్బాయితో కూచుని మూడు ప్రశ్నలు వేసుకోండి: రాత్రిపూట పడిపోతే ఎవరు వస్తారు? నడిచి వెళ్ళే దూరంలో మీరు పలకరించగల మనుషులు ఎందరున్నారు? అక్కడ మీతో తెలుగులో మాట్లాడేవాళ్ళు ఉంటారా? ఈ మూడింటికీ ఏ చోట మంచి జవాబు దొరికితే ఆ చోటే మీకు ఇల్లు. అది పీళమేడు అయినా, మదురై అయినా, హోమ్ అయినా సరే. ఆ మాట తేల్చవలసింది మీరు, మీ అబ్బాయి కాదు. ఈలోగా ఇంటి తాళం చెవి ఇంకొకటి పక్కింటివాళ్ళ దగ్గర ఉంచండి.