భారత సమాజం: భాషా, సాంస్కృతిక వైవిధ్యం

భారత సమాజంపై అడిగే ప్రశ్నల్లో భాషలదే పెద్ద వాటా. గణాంకాలు బట్టీపడితే సగం పనే అయినట్టు. భాషా కుటుంబం, రాజ్యాంగ గుర్తింపు, రాష్ట్ర సరిహద్దు, సామాజిక ఆచారం... ఈ నాలుగింటి హద్దులు ఒకదానితో ఒకటి కలవవు. అభ్యర్థులు తికమకపడేది ఇక్కడే.

జనగణన ఏం చెబుతోంది?

2011 జనగణనలో ప్రజలు మాతృభాషలుగా చెప్పిన పేర్లు 19,569. వాటిని పరిశీలించి వర్గీకరిస్తే 1,369 మాతృభాషలు తేలాయి. 10 వేలు, అంతకుమించి మాట్లాడేవారున్న భాషలు 121. వీటిలో 22 ఎనిమిదో షెడ్యూల్లో ఉండగా, 99 దాని బయట ఉన్నాయి. మాట్లాడేవారి సంఖ్యలో హిందీ (43.63 శాతం), బెంగాలీ (8.03), మరాఠీ (6.86) తర్వాత తెలుగు (6.70) నాలుగో స్థానంలో ఉంది. 2001లో తెలుగుది మూడో స్థానం.

ప్రధాన భాషా కుటుంబాలు

* ఇండో-ఆర్యన్: జనాభాలో సుమారు 78 శాతం. హిందీ, బెంగాలీ, మరాఠీ, ఒడియా మొదలైనవి.
* ద్రావిడ: 19.64 శాతం. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, తుళు, గోండి మొదలైనవి.
* ఆస్ట్రో-ఏషియాటిక్: 1.11 శాతం. సంతాలీ, ముండారీ, ఖాసీ మొదలైనవి.
* టిబెటో-బర్మన్: 1.01 శాతం. మణిపురి, బోడో, గారో మొదలైనవి.

ద్రావిడ భాషలు దక్షిణాదికే పరిమితం కాదు. కురుఖ్‌ను ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్‌లలో, బ్రాహుయిని పాకిస్థాన్‌లోని బలూచిస్థాన్‌లో మాట్లాడతారు. తెలుగు దక్షిణ-మధ్య ద్రావిడ శాఖకు చెందింది. అంటే వర్గీకరణ ప్రకారం దానికి తమిళం కన్నా గోండి, కువి దగ్గరి చుట్టాలు. తెలుగు రాష్ట్రాల్లోనే మూడు కుటుంబాలు కనిపిస్తాయి: ఉత్తరాంధ్ర మన్యంలోని సవర ఆస్ట్రో-ఏషియాటిక్‌లోని ముండా శాఖది, ఆదిలాబాద్‌ ప్రాంతంలోని గోండి, కొలామీ ద్రావిడ భాషలు, లంబాడీ ఇండో-ఆర్యన్.

రాజ్యాంగ గుర్తింపు

ఎనిమిదో షెడ్యూల్లో మొదట 14 భాషలున్నాయి. తర్వాత చేరినవి:

* 1967 (21వ సవరణ): సింధీ
* 1992 (71వ సవరణ): కొంకణి, మణిపురి, నేపాలీ
* 2003 (92వ సవరణ): బోడో, డోగ్రీ, మైథిలి, సంతాలీ

ఈ గుర్తింపునకు జనసంఖ్య కొలమానం కాదు. కోటి మందికి పైగా మాట్లాడే భీలీ షెడ్యూల్లో లేదు. 24,821 మంది మాతృభాషగా నమోదు చేసుకున్న సంస్కృతం ఉంది. నాగాలాండ్ అధికార భాష అయినా ఇంగ్లిష్‌కూ అందులో చోటు లేదు.

29, 30 అధికరణలు భాషా, సాంస్కృతిక, విద్యా హక్కులకు రక్షణ ఇస్తాయి. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన గురించి 350(ఏ), భాషాపరమైన అల్పసంఖ్యాకుల కోసం ప్రత్యేక అధికారి గురించి 350(బీ) చెబుతాయి. ఈ రెండూ 1956లో 7వ సవరణతో చేరాయి.

భాష, రాష్ట్రం

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అదే ఏడాది ఫజల్ అలీ అధ్యక్షతన రాష్ట్రాల పునర్విభజన కమిషన్‌ను నియమించారు. దాని నివేదిక ఆధారంగా 1956లో చట్టం వచ్చింది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పాటుతో తెలుగు రెండు రాష్ట్రాల భాష అయింది. భాష ఒక్కటే రాష్ట్రానికి ప్రాతిపదిక కాదనడానికి ఇది ఉదాహరణ.

ఆచారాల హద్దులు వేరు

బంధుత్వ వ్యవస్థలను అధ్యయనం చేసిన ఇరావతీ కర్వే దేశాన్ని ఉత్తర, మధ్య, దక్షిణ, తూర్పు మండలాలుగా విభజించారు. దక్షిణాదిలో మేనరికం సాధారణం, ఉత్తరాదిలో చాలాచోట్ల నిషిద్ధం. అయితే ఇండో-ఆర్యన్ భాష మాట్లాడే మహారాష్ట్రలోనూ అనేక కులాలు మేనమామ కూతురితో పెళ్లిని అంగీకరిస్తాయి. మేఘాలయలో ఖాసీలు, గారోలు ఇద్దరిదీ మాతృవంశీయ సమాజమే, భాషా కుటుంబాలు మాత్రం వేరు.

మాదిరి ప్రశ్నలు

1. ఎనిమిదో షెడ్యూల్లోని ఆస్ట్రో-ఏషియాటిక్ భాష ఏది?
జ: సంతాలీ
2. ఆ షెడ్యూల్లో ఉన్న టిబెటో-బర్మన్ భాషలు ఏవి?
జ: మణిపురి, బోడో
3. తెలుగుకు ప్రాచీన హోదా ఏ సంవత్సరంలో దక్కింది?
జ: 2008 (కన్నడంతో పాటు)