నవంబరు నెలని చూసి కాలేజీ ఎంచుకో

లెస్టర్,
జూలై మొదటి వారం

బుజ్జితల్లీ,

జీసీఎస్ఈ పరీక్షలన్నీ అయిపోయాయనీ, ఇంట్లో ఇప్పుడు కాలేజీ గొడవ మొదలైందనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నాన్న కేంబ్రిడ్జ్‌లో హిల్స్ రోడ్ కాలేజీ అంటున్నారు, నువ్వు లాంగ్ రోడ్ అంటున్నావు, అమ్మేమో ఇంపింగ్టన్‌లో ఐబీ చదివితే ఎలా ఉంటుందని అడుగుతోంది. ముగ్గురూ విడివిడిగా నాకు ఫోన్ చేశారు. చదవబోయేది నువ్వు కాబట్టి ఉత్తరం నీకు రాస్తున్నాను. ఆరో తరగతి దాకా గుంటూరులో చదివిన పిల్లవి, తెలుగు చదవడం నీకు కష్టం కాదు. చదివాక నాన్నకి ఇవ్వు.

కాలేజీని అందరూ ఓపెన్ ఈవెనింగ్ నాడు చూస్తారు, లేదా ఆగస్టులో ఎ లెవెల్స్ ఫలితాలొచ్చిన రోజు ఫొటోల్లో చూస్తారు. ఆ రెండు రోజుల్లో బాగుండని కాలేజీ ఇంగ్లండులో లేదు. నువ్వు చూడాల్సింది మొదటి సంవత్సరం నవంబరు. అప్పటికి మొదటి పరీక్ష పేపర్లు చేతికొచ్చి ఉంటాయి, కొత్త స్నేహాలు ఇంకా కుదురుకోవు, సాయంత్రం నాలుగు దాటితే చీకటి. ఆ నెలలో వెనకబడిన పిల్లని ఆ కాలేజీ ఎలా చూసుకుంటుందో కనుక్కో. సిక్స్త్ ఫామ్ కాలేజీలో ఇన్నేళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్న దాన్ని, కాలేజీకీ కాలేజీకీ అసలు తేడా అక్కడే ఉందని నా నమ్మకం.

మా దగ్గర జరిగినదే చెబుతాను. జీసీఎస్ఈ కెమిస్ట్రీలో 9 తెచ్చుకున్న అమ్మాయి. మొదటి పరీక్షలో టైట్రేషన్ లెక్క ఇచ్చాం. ద్రావణాన్ని 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో తయారు చేసి, పిపెట్‌తో అందులోంచి 25 మిల్లీలీటర్లు మాత్రమే తీసి టైట్రేషన్ చేస్తారు. వచ్చిన మోల్స్‌ని చివర్లో పదితో గుణించాలి. ఆ అమ్మాయి గుణించలేదు. దాని మీద ఆధారపడ్డ తర్వాతి మూడు జవాబులు కూడా ఏదో ఒకచోట తప్పాయి. డి వచ్చింది. పేపరు ఇవ్వగానే బోర్లా తిప్పి ఫైల్లో పెట్టేసుకుంది, పక్క పిల్లకి కూడా చూపించలేదు. ఆ మధ్యాహ్నం లెక్కల వర్క్‌షాప్ ఉందని బోర్డు మీద రాసి ఉంది, రాలేదు. పుట్టి బుద్ధెరిగాక డి చూడని పిల్ల, సాయం అడగడం ఎలాగో దానికి తెలియదు. రెండో వారం మా ల్యాబ్ టెక్నీషియన్ కారిడార్లో ఆపి, పరికరాలు సర్దాలి సాయం రమ్మని తీసుకొచ్చి నా బల్ల దగ్గర కూర్చోబెట్టింది. పదితో గుణించడం ఎందుకో చెప్పడానికి పట్టింది పది నిమిషాలు. ఆ పది నిమిషాలు దొరక్క సబ్జెక్టే వదిలేసినవాళ్లు ఉన్నారు. 9లూ 8లూ ఉన్న పిల్లలే ఎక్కువగా ఇలా దెబ్బతింటారు. నీకూ ఆ మార్కులే వస్తాయని మీ టీచర్లు అంటున్నారు కాబట్టి ముందే చెబుతున్నాను.

నాన్న మాట కొట్టిపారెయ్యకు. ఆయనా మీ అమ్మా ఇంటర్ చదివింది విజయవాడలో. తెల్లవారకముందే స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు, మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చడం, హాస్టల్లో వార్డెను. అక్కడ పిల్ల చదివినా చదవకపోయినా కాలేజీ కూర్చోబెట్టి చదివించేది. అందుకే ఏ కాలేజీ అన్నదే సగం భవిష్యత్తు అనుకునేవాళ్లు మా కాలంలో. ఇక్కడ ఆ పద్ధతి లేదు. మూడు సబ్జెక్టులు, ఒక్కోదానికి వారానికి నాలుగైదు గంటల క్లాసులు, మొత్తం కలిపితే పదిహేను గంటలకి మించదు. మిగతా రోజంతా నీ చేతిలోనే ఉంటుంది. ఎక్కడున్నావని అడిగేవాళ్లు ఉండరు. ఇలాంటి చోట కాలేజీ పేరు నీ బదులు చదవదు. ఈ మాట నాన్నకి నెమ్మదిగా చెప్పు, ఆయనకి అర్థమవుతుంది.

అలాగని హిల్స్ రోడ్ పేరు ఊరికే వచ్చింది కాదు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలకి అంతమంది పిల్లల్ని పంపే ప్రభుత్వ కాలేజీలు దేశంలో తక్కువ. కానీ ఆ పేరు వెనక ఏముందో కూడా తెలుసుకోవాలి. 1974 దాకా అది మగపిల్లల గ్రామర్ స్కూలు, లాంగ్ రోడ్ కాలేజీ ఆడపిల్లల గ్రామర్ స్కూలు. ఆ ఏడు జిల్లాలో గ్రామర్ స్కూళ్ల పద్ధతి తీసేసి, రెంటినీ అందరి కోసం సిక్స్త్ ఫామ్ కాలేజీలుగా మార్చారు. మీ సాస్టన్ విలేజ్ కాలేజ్ లాంటి బడులు పదహారేళ్లకే ఆగిపోతాయి కాబట్టి చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు ఈ రెండు చోట్లే ఎక్కువగా చేరుతారు. యూనివర్సిటీ ప్రొఫెసర్ల పిల్లలు, ఆసుపత్రి డాక్టర్ల పిల్లలు కూడా అందులోనే. ఇంట్లోనే సగం చదువు దొరికే పిల్లలు అంతమంది చేరే చోట ఫలితాలు గొప్పగా ఉండటంలో వింత లేదు. ఆ ఫలితాల్లో కాలేజీ చేసింది ఎంత, పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్నది ఎంత అన్నది వేరే లెక్క. దాన్నే వాల్యూ యాడెడ్ అంటారు. జీసీఎస్ఈలో అవే మార్కులున్న పిల్లలతో పోలిస్తే ఈ కాలేజీ పిల్లలు ఎ లెవెల్స్‌లో ఎంత పైకి వెళ్లారు, ఎంత కిందకి జారారు అన్నది అది చెబుతుంది. కాలేజీ మొత్తానిది వద్దు, కెమిస్ట్రీకీ బయాలజీకీ విడిగా ఎంతో అడుగు. రెండు కాలేజీలనీ అడుగు.

దానికంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకోటి ఉంది: ఇయర్ 12లో కెమిస్ట్రీలో చేరినవాళ్లలో ఎంతమంది ఇయర్ 13 చివరిదాకా ఉండి పరీక్ష రాశారు? పత్రికల్లో వచ్చే శాతాలన్నీ పరీక్ష రాసినవాళ్లవే. మధ్యలో వెళ్లిపోయినవాళ్లు ఆ శాతాల్లో కనిపించరు. 2017లో లండన్ శివార్లలో పేరుమోసిన ఒక గ్రామర్ స్కూలు, ఇయర్ 12 పరీక్షల్లో మార్కులు చాలని పిల్లల్ని ఇయర్ 13లోకి రానివ్వలేదు. తల్లిదండ్రులు కోర్టుకెక్కాక వెనక్కి తగ్గి పిల్లల్ని మళ్లీ చేర్చుకుంది. పేరు కాపాడుకోవడానికి పిల్లల్ని వదిలించుకునే చోటుకి నువ్వు వెళ్లకూడదు, ఎంత పెద్ద పేరైనా సరే. కేంబ్రిడ్జ్ కాలేజీల్లో ఇలా జరుగుతుందని నేననడం లేదు. అడగాల్సిన ప్రశ్న ఇది అని మాత్రం అంటున్నాను. జవాబు చెప్పేటప్పుడు వాళ్లు తడుముకుంటారా, చప్పున అంకె చెబుతారా చూడు.

సెలవుల్లోకి వెళ్లేలోపు ఫోన్ చేసి, కెమిస్ట్రీ టీచర్‌తోనే మాట్లాడించమను. మొదటి పరీక్ష ఎప్పుడు పెడతారు? అందులో డి వచ్చిన పిల్లకి ఆ తర్వాతి వారం ఏం జరుగుతుంది? ‘మా దగ్గర సపోర్ట్ చాలా బాగుంటుంది’ అంటే అది జవాబు కాదు. ఏ రోజు, ఏ గదిలో, ఎవరు కూర్చుంటారు, రాకపోతే ఎవరు ఫోన్ చేస్తారు అన్నది చెబితే అది జవాబు.

మెడిసిన్ అనుకుంటున్నావు కాబట్టి ఇంకో సంగతి. మెడిసిన్ దరఖాస్తు ఇయర్ 13లో అక్టోబరు 15కే, యూనివర్సిటీ దరఖాస్తులు తీసుకునే యూక్యాస్‌కి చేరాలి. మిగతా కోర్సులవాళ్లకి జనవరి దాకా గడువుంటుంది, నీకు ఉండదు. యూక్యాట్ పరీక్ష దానికంటే ముందే రాసెయ్యాలి. అంటే నీ ప్రెడిక్టెడ్ గ్రేడ్లు ఇయర్ 12 చివర్లోనే దాదాపు తేలిపోతాయి. నీ గురించి రిఫరెన్సు రాసేవాళ్లకి నిన్ను తెలుసుకోవడానికి ఉన్నది ఒక్క సంవత్సరం. వేలమంది పిల్లలున్న కాలేజీలో ఆ రిఫరెన్సు రాసేదెవరు, టీచర్లు ఇచ్చే మాట అందులోకి ఎలా చేరుతుంది, మెడిసిన్ పిల్లలకి ఇంటర్వ్యూ సాధన చేయించేవాళ్లు ఉన్నారా? ఈ విషయంలో రెండు కాలేజీలకీ అనుభవం ఉంది. నీకు ఎవరి జవాబు నచ్చిందో నాకు చెప్పు.

మూడో సబ్జెక్టు దగ్గర మీ అమ్మ నన్ను నీ మీదికి ఉసిగొల్పింది. చరిత్ర చదివితే మెడిసిన్ పోతుందని దాని భయం. పోదు. చాలా మెడికల్ స్కూళ్లు కెమిస్ట్రీ, బయాలజీ ఉంటే మూడోది ఏదైనా పర్లేదంటాయి. కేంబ్రిడ్జ్ లాంటి కొన్ని చోట్ల చేరే పిల్లలకి మూడూ సైన్సులూ లెక్కలే ఉండటం మామూలు, కాబట్టి నువ్వు అనుకుంటున్న యూనివర్సిటీల పేజీలు ఒక్కొక్కటే తెరిచి చదువుకో. చరిత్రలో వారానికో వ్యాసం రాసే పిల్ల రేపు ఆసుపత్రిలో నాలుగు ముక్కలు స్పష్టంగా రాయగలుగుతుంది. చరిత్ర పుస్తకం పట్టుకుంటే నీకు అన్నం గుర్తుండదని నాకు తెలుసు. రెండేళ్లు చదవాల్సినదాంట్లో ఒక్కటైనా నీకు అలా ఉండాలి. కానీ ఒకటి తెలిసి వదులుకో: లెక్కలు లేకపోతే ఇంజనీరింగ్ ఉండదు, ఎకనామిక్స్‌లో మంచి చోట్లు చాలావరకు ఉండవు. మెడిసిన్ మీద మనసు ఏ మాత్రం ఊగుతున్నా లెక్కలు కూడా కలిపి నాలుగుతో మొదలుపెట్టనిస్తారేమో అడుగు. కొన్ని కాలేజీలు ఒప్పుకుంటాయి, మొదటి కొన్ని వారాల్లో ఒకటి వదిలెయ్యచ్చు. కెమిస్ట్రీ, బయాలజీ, చరిత్ర మూడూ టైమ్‌టేబుల్లో ఒకదానికొకటి అడ్డం రాకుండా కుదురుతాయో లేదో కూడా ఇప్పుడే తేల్చుకో. సెప్టెంబరులో తెలిస్తే ఏడుపే.

ఐబీ సంగతి: ఆరు సబ్జెక్టులు, నాలుగు వేల మాటల వ్యాసం, ఇంకా బోలెడు. ఏదీ వదులుకోలేని పిల్లలకి అది చాలా మంచి చదువు. నువ్వు ఫ్రెంచ్ ఎప్పుడు వదులుతుందా అని రోజులు లెక్కపెట్టుకున్న పిల్లవి, నీకొద్దు. అమ్మకి నేను చెబుతాను. స్నేహితుల కోసం కాలేజీ ఎంచుకోవడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వేర్వేరు సబ్జెక్టులు తీసుకున్నాక ఒకే కాలేజీలో ఉన్నా మధ్యాహ్నం భోజనం దగ్గరే కనిపిస్తారు.

దారి గురించి మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు, నాకదే ఆశ్చర్యం. డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకుండానే పొద్దుగుంకుతుంది. సాస్టన్ నుంచి రోజూ రానూపోనూ రెండేళ్లు. వచ్చే వారం ఒక మామూలు రోజున, పొద్దున్నే అందరూ పనులకి వెళ్లే వేళ బస్సెక్కి, రెండు కాలేజీల గేటు దాకా వెళ్లి చూడు. నిలబడే చోటైనా దొరికిందా, ఎంతసేపు పట్టింది రాసుకో. సైకిలు మీద వెళ్లేట్టయితే గ్రేట్ షెల్‌ఫర్డ్ నుంచి ఆడెన్‌బ్రూక్స్ ఆసుపత్రి దాకా రైలు పట్టాల పక్కన దారి ఉంది కదా. ఆ దారి మీద నాలుగు రంగుల్లో 10,257 చారలు గీశారు. రొమ్ము క్యాన్సర్‌కి సంబంధించిన బ్రాకా-2 జన్యువులోని అక్షరాలవి, వరసగా. 2005లో ఆ దారి తెరిచారు. డాక్టరు కావాలనుకునే పిల్ల రోజూ దాని మీద నుంచి కాలేజీకి వెళ్లడం నాకు భలేగా తోస్తోంది. ఆ దారి చివర ఆసుపత్రి, ఆ పక్కనే లాంగ్ రోడ్. హిల్స్ రోడ్‌కి ఇంకాస్త ముందుకి తొక్కాలి.

ఇంతకీ ఏది అంటావా? పై ప్రశ్నలకి రెండు కాలేజీలూ సరైన జవాబులే ఇస్తే, ఇస్తాయనే అనుకుంటున్నాను, లాంగ్ రోడ్‌లో చేరు. దగ్గర, నీకు ఇష్టం, ఇండక్షన్ రోజున ల్యాబ్‌లోంచి బయటికి రావాలనిపించలేదని నువ్వే చెప్పావు. జవాబుల్లో హిల్స్ రోడ్ ముందుంటే సందేహం లేకుండా అక్కడికే వెళ్లు, నాన్న సంతోషిస్తారు, నేనూ సంతోషిస్తాను. అప్పటిదాకా రెండు చోట్ల నుంచి వచ్చిన ఆఫర్లూ చేతిలో ఉంచుకో, ఏదీ వద్దని రాసెయ్యకు.

ఆగస్టులో నీ జీసీఎస్ఈ ఫలితాల రోజున ఊళ్లోనే ఉండండి. ఆ వారంలో ఇండియాకి టికెట్లు తీశారని అమ్మ అంటోంది, మార్పించమని చెప్పు. ఎన్‌రోల్‌మెంట్ ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే ఉంటుంది, ఒక సబ్జెక్టులో అనుకున్న గ్రేడ్ రాకపోయినా ఎదురుగా కూర్చుని మాట్లాడితే చాలాసార్లు దారి దొరుకుతుంది. వేరే దేశం నుంచి ఫోన్లో మాట్లాడితే దొరకదు. ఆ రోజు నేనూ మా కాలేజీ హాల్లో ఎవరో ఒకరి పిల్లల్ని చేర్చుకుంటూ ఉంటాను, మెసేజ్ పెట్టు, మధ్యాహ్నం విరామంలో ఫోన్ చేస్తాను. ఈలోగా నెలాఖరుకి నాలుగు రోజులు లెస్టర్ వచ్చెయ్యి. మోల్స్ చాప్టరు మొదలుపెడదాం. కాలిక్యులేటర్ తెచ్చుకో, ఫోన్లోది కాదు.

నీ పెద్దమ్మ