క్రిస్మసు విందులో అడుగదగిన ప్రశ్నలు

క్రిస్మసుకు కేకు, కజ్జికాయలు సిద్ధము చేసుకొన్నట్లే కొన్ని ప్రశ్నలుకూడ సిద్ధపరచుకొనవలెనని మా మనవి. బెంగుళూరులో పుట్టి పెరిగిన మన బిడ్డలలో అనేకులు తెలుగు మాటలాడుదురు గాని చదువలేరు. క్రీస్తు జననకథ ఇంగ్లీషులో గడగడ చెప్పుదురు. అవ్వ ప్రార్థించు భాషలో చెప్పమంటే తలవంచుకొందురు. ఆటగా అడిగితే ఆ బెరుకు కొంత పోవును.

మొదట సులభమైనది: జ్ఞానులు ఎందరు? ఇల్లంతా "ముగ్గురు" అనును. మత్తయి సంఖ్య చెప్పలేదు; కానుకలు మూడు గనుక మనమే ముగ్గురిని చేసితిమి. వెంటనే రెండవది: వారు శిశువును ఎక్కడ చూచిరి? పశువుల తొట్టిలో అందురు. మత్తయి 2:11 తీసి చూపుడి, వారు ప్రవేశించినది ఇంటిలోనికి. మన పిల్లల నాటకములలో గొల్లలు, జ్ఞానులు ఒకే తెరముందు నిలువబడుటచేత ఈ పొరపాటు స్థిరపడినది. పెద్ద పిల్లలను ఇంకొంచెము లోతుకు తీసికొనిపోవచ్చును. లూకా 2:24లో మరియ యోసేపులు అర్పించదలచినది పక్షులను. లేవీయకాండము 12:8 ప్రకారము అది గొఱ్ఱెపిల్లను తేలేని పేదల అర్పణ. అప్పటికే బంగారము చేతికి వచ్చియుండునా? వారినే ఆలోచింపనీయుడి, తొందరపడి జవాబు చెప్పవద్దు.

తరువాత మాటల ప్రశ్నలు. పొత్తిగుడ్డలు అనగా ఏమి? ఇది అవ్వగారు విప్పి చెప్పవలసిన ప్రశ్న. పసిబిడ్డను చుట్టిన చేతులు ఆమెవి. పశువుల తొట్టిని కన్నడ సంఘమువారు ఏమందురు? గోదలి. ఇది మన పిల్లలకే ముందు తెలియును, పెద్దలు ఓడిపోవుదురు, మంచిదే. సాంబ్రాణి వాసన అందరికిని తెలుసు, మరి బోళము? యోహాను 19:39లో నీకొదేము ప్రభువు సమాధికి తెచ్చినదికూడ బోళమే. ఊయలయొద్దకు వచ్చిన కానుక సమాధియొద్ద మరల కనబడుటను పిల్లలు మరువరు.

మన సంఘ చరిత్రనుండి ఒకటి: 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండమీద జూయెట్ దొరగారితో కలిసి ప్రార్థించినవారు ఎందరు? ఆయనతో కలిపి ఐదుగురు. వారిలో తెలుగువారు ముగ్గురు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరని మన యిండ్లలో అందరును చెప్పుదురు గాని ఈ ఐదుగురి సంగతి తక్కువమందికి తెలుసు.

అడుగు పద్ధతినిగూర్చి రెండు మాటలు. ముందు ప్రశ్న, ఆ తరువాత పేరు. పేరు ముందు పిలిచితే మిగిలినవారు వినుట మానుదురు. విందుకు వచ్చిన ఇతర మతస్థులైన ఇరుగుపొరుగువారిని వాక్యపు ప్రశ్నలతో ఇబ్బంది పెట్టకుడి. సాంబ్రాణి, గోదలి వారికి ఉంచుడి. క్రిస్మసు తాతనుగూర్చిన ప్రశ్నలు మేము చేర్చలేదు, అవి బడిలో ఎటులైనను వచ్చును.

ఆఖరిది జవాబు లేకుండ వదలుచున్నాము: గొల్లలు నక్షత్రమును చూచిరా? లూకా 2వ అధ్యాయము తెలుగులో తానే చదివి జవాబు తెచ్చిన బిడ్డకు కేకులో పెద్ద ముక్క.